లూనాలో నకారం ఎక్కడికి పోయింది?

అందరికీ నమస్కారం.

ఇటాలియన్ నేర్చుకున్నవాళ్లు పోర్చుగీస్ పుస్తకం తెరిస్తే చాలా మాటలు తెలిసినట్టే ఉంటాయి. అదే లిస్బన్ మనిషి గబగబా మాట్లాడితే ఒక్క ముక్క అంతుపట్టదు. రెండూ లాటిన్ నుంచి పుట్టినవే కదా, ఎందుకింత తేడా? రోజూ వాడే మాటలను దగ్గరగా చూస్తే జవాబు దొరుకుతుంది.

చంద్రుడు ఇటాలియన్‌లో లూనా, పోర్చుగీస్‌లో లూవ. చెయ్యి అక్కడ మానో, ఇక్కడ మావ్. రొట్టె అక్కడ పానే, ఇక్కడ పావ్. మనం తినే పావ్ భాజీలో పావ్ ఇదే. రెండు అచ్చుల మధ్య ఉన్న నకారాన్ని పోర్చుగీస్ మింగేసింది. మింగినా పావ్, మావ్ లాంటి మాటల్లో దాని జాడ పోలేదు, ముక్కుతో పలకాల్సిందే. లకారానిదీ అదే గతి. నొప్పి దొలోరె అయితే దోర్, రంగు కొలోరె అయితే కోర్.

ఇంకో మార్పు మరీ ముచ్చటైనది. తాళంచెవికి లాటిన్‌లో క్లావిస్. ఇటాలియన్‌లో అది కియావె అయింది, పోర్చుగీస్‌లో షావ్ అయింది. మంట లాటిన్‌లో ఫ్లమ్మా, ఆ తర్వాత ఫియమ్మా, షమ. వాన లాటిన్‌లో ప్లువియా, ఇటాలియన్‌లో పియోజ్జా, పోర్చుగీస్‌లో షూవ. క్ల, ఫ్ల, ప్ల మూడూ పోర్చుగీస్‌లో ‘ష’లో కలిసిపోయాయి. పదాల పట్టిక బట్టీ పట్టేకంటే ఈ సూత్రం ఒంటపట్టించుకోండి, కొత్త మాట ఎదురైనా ఊహించగలుగుతారు.

ధ్వనులతో తేలని తేడాల్లో చరిత్ర ఉంటుంది. వారాల పేర్లు చూడండి. లునెదీ చంద్రుడిది, మర్తెదీ కుజుడిది, మెర్కొలెదీ బుధుడిది, జొవెదీ గురుడిది, వెనెర్దీ శుక్రుడిది. అచ్చం మన సోమ, మంగళ, బుధ, గురు, శుక్రవారాలే! తెలుగువాళ్లకు వీటిని వేరే నేర్పక్కర్లేదు. పోర్చుగీస్‌లో మాత్రం సోమవారం సెగుంద ఫైర, అంటే రెండోది. ఆదివారం మొదటిది కాబట్టి మంగళవారం మూడోది, అలా శుక్రవారం ఆరోది. 6వ శతాబ్దంలో ఇప్పటి పోర్చుగల్‌లోని బ్రాగా ఊరి బిషప్ మార్తిన్, క్రైస్తవులు రోజులను పాత దేవతల పేర్లతో పిలవడాన్ని తప్పుపట్టాడు. చర్చి లెక్క అక్కడ జనం నోట నిలిచిపోయింది. ఇటలీలో పాత దేవతలే గెలిచారు.

711లో అరబ్బుల పాలన ఐబీరియాకు, అంటే స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పానికి వచ్చింది. అందుకే ఆలివ్ నూనె ఇటాలియన్‌లో ఒలియో, పోర్చుగీస్‌లో అరబ్బీ నుంచి వచ్చిన అజైత్. తలగడ అల్ముఫాద, అదీ అరబ్బీదే. నారింజ మాత్రం రెండిళ్లలోనూ ఉంది. దక్షిణ భారతంలో పుట్టిందని చాలామంది భాషావేత్తలు భావించే ఈ మాట సంస్కృతం, పారశీకం, అరబ్బీల మీదుగా యూరప్ చేరింది. ఇటాలియన్‌లో మొదటి నకారం ఊడి అరాంచా, పోర్చుగీస్‌లో అది లకారంగా మారి లరాంజ.

ఒకేలా కనిపించే మాటలతో మాత్రం జాగ్రత్త. బుర్రో ఇటలీలో వెన్న, పోర్చుగల్‌లో గాడిద. సలీరె అంటే ఎక్కడం, సయీర్ అంటే బయటికి వెళ్లడం. రోమ్‌లో వంట తిని స్క్విజీతో అంటే ‘అద్భుతంగా ఉంది’ అని అర్థం. లిస్బన్‌లో అదే మెచ్చుకోలు ఇష్కిజీతు అనుకోండి, ‘ఏదో తేడాగా ఉంది’ అన్నట్టు. వండిన అమ్మ మొహం ఎలా మారుతుందో ఊహించుకోండి.

తెలుగు మాటలు అచ్చులతో ముగుస్తాయని మన భాషను ప్రాచ్య ఇటాలియన్ అని మెచ్చుకుంటారు. కానీ మన ఇళ్లలోకి వచ్చి స్థిరపడినవి పోర్చుగీస్ మాటలు. 1498లో వాస్కో ద గామా కాలికట్ చేరాక తీరం వెంబడి వచ్చినవే ఇవి. బొత్తాం వాళ్ల బొతావ్, తువ్వాలు వాళ్ల తువాల్య. తువాల్యకు తోబుట్టువైన ఇటాలియన్ తొవాల్యా అంటే భోజనబల్ల మీద పరిచే గుడ్డ. ఇల్లు కట్టించే మన మేస్త్రీ వాళ్ల మెష్త్ర్. ఇటాలియన్‌లో అదే మాట మాయెస్త్రో, సంగీత విద్వాంసుడికి వేసే పెద్దపీట. పోర్చుగల్‌లో ఇప్పటికీ కట్టుబడి పని చూసేవాణ్ణి మెష్త్ర్ ద ఓబ్రష్ అంటారు, అంటే పనుల మేస్త్రీ అనే.

ఇక మీ ప్రశ్నలు అడగండి.