డిడ్ వచ్చాక వెంట్ ఎందుకు ఉండదు?

వ్యాఖ్యాత: నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మాస్టారి ఇంటి మేడమీద కూర్చుని ఈ భాగం రికార్డు చేస్తున్నాం. మాస్టారు ముప్పై ఏళ్ళు ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పారు. ఇప్పుడు సాయంత్రాలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకు చెబుతున్నారు. మాస్టారూ, ఇంగ్లీషు క్రియలంటే మనవాళ్ళకు ఎందుకింత బెదురు?

మాస్టారు: పట్టికలతో మొదలుపెట్టడం వల్లనమ్మా. గో, వెంట్, గాన్ అని వల్లె వేయిస్తాం. నిద్రలో లేపి అడిగినా పిల్లవాడు అప్పజెబుతాడు. ఒక వాక్యం చెప్పమంటే నోరు పెగలదు. మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఒకాయన నా దగ్గరకు వస్తాడు. బయటి రాష్ట్రాల వ్యాపారులతో ఫోనులో మాట్లాడాలి. మొదటిరోజు ఆయన చెప్పిన వాక్యం, ‘ద లారీస్ డిడ్ నాట్ వెంట్ సార్.’

వ్యాఖ్యాత: ఇంటర్వ్యూలో నేనూ ఇదే తప్పు చేశాను మాస్టారూ.

మాస్టారు: చేయనివాళ్ళు తక్కువమ్మా. నేను ఆయనకు నియమం చెప్పలేదు. ‘నిన్న లారీలు వెళ్ళాయి. ఈ మాట కాదని చెప్పండి’ అన్నాను. ‘వెళ్ళలేదు’ అన్నాడు. ‘వెళ్ళాయి లేదు అని ఎందుకు అనలేదు?’ అని అడిగాను. ‘అలా ఎవరంటారండీ!’ అన్నాడు. ఆ జవాబు కోసమే అడిగాను. లేదు వచ్చి చేరగానే వెళ్ళాయిలో కాలం చెప్పే భాగం ఊడిపోయి, ఉత్త ‘వెళ్ళ’ మిగిలింది. డిడ్ వచ్చినా జరిగేది అదే. జరిగిపోయిన కాలాన్ని డిడ్ మోస్తోంది కాబట్టి వెంట్ తిరిగి గో అవుతుంది. ‘డిడ్ నాట్ గో.’ ఆయన కాగితం తీసుకుని వెళ్ళాయి, వెళ్ళలేదు అని రాసి, కింద వెంట్, డిడ్ నాట్ గో అని రాసుకున్నాడు. ఆ తర్వాత ఆ తప్పు ఆయన నోట నేను వినలేదు.

వ్యాఖ్యాత: ‘హి గోస్’ అన్నప్పుడు చివర వచ్చే స్ కూడా ఇంతేనా?

మాస్టారు: అంతే. ‘హి గోస్’ కాస్తా ‘హి డజ్ నాట్ గో’ అవుతుంది. గో చివరి గుర్తు డజ్‌లోకి చేరింది. ఇక గో దగ్గర మళ్ళీ అక్కర్లేదు. అయితే ప్రశ్న దగ్గర మన తెలుగు సాయపడదు, అది ముందే చెప్పాలి. ‘వెళ్ళాడా?’ అని చివర దీర్ఘం తీస్తే మనకు ప్రశ్న అయిపోతుంది. ఇంగ్లీషులో డిడ్ ముందుకు రావాలి, ‘డిడ్ హి గో?’ అనాలి. ఇది విడిగా సాధన చేయవలసిందే.

వ్యాఖ్యాత: మన క్రియలు ఒక పద్ధతిలో ఉంటాయి, ఇంగ్లీషువే అడ్డదిడ్డంగా ఉంటాయని చాలామంది అంటారు.

మాస్టారు: ‘రా’ అనే మాట చూడమ్మా. వస్తాడు, వచ్చాడు, రాడు, రాలేదు, రమ్మను. పరాయివాడు నేర్చుకోవాలంటే ఎంత అవస్థ! మనకు ఉగ్గుపాలతో వచ్చింది కనుక తెలియదు. పైగా వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళాం, వెళ్ళారు, వెళ్ళాయి అని ఏడు రూపాలు చెబుతాం. ఇంగ్లీషులో ఆ ఏడింటికీ ఒక్క వెంట్ చాలు. ఎక్కువ రూపాలున్నది బి అనే క్రియకే. బి, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్, మొత్తం 8. వాక్ లాంటి మామూలు క్రియకు 4. పుట్‌కు 3.

వ్యాఖ్యాత: గోకు వెంట్ ఎక్కడి నుంచి వచ్చింది?

మాస్టారు: అది వేరే క్రియ సొత్తు! వెండ్ అని ఒక క్రియ ఉంది. సెండ్ సెంట్ అయినట్టు, బెండ్ బెంట్ అయినట్టు, వెండ్ వెంట్ అయింది. గోకు పూర్వం వేరే భూతకాల రూపం ఉండేది. అది వాడుకలోంచి తొలగిపోయి, వెంట్ ఆ చోటికి వచ్చింది. అందుకే స్పెండ్, లెండ్, సెండ్ పక్కన వెంట్‌ను కూర్చోబెట్టి చెబుతాను. సింగ్, రింగ్, డ్రింక్ ఇంకో గుంపు. కట్, పుట్, కాస్ట్ అసలు మారనివి. అక్షరక్రమంలో నేర్పితే ఈ చుట్టరికాలు కనబడవు.

వ్యాఖ్యాత: జరిగిపోయిన కాలానికి చివర ఈడీ (ed) చేరే మాటలు పలకడంలో కూడా తడబడతాం కదా?

మాస్టారు: అక్కడ కాసేపు ఆగాలి. మన గుమాస్తా ‘ప్యాకెడ్’ అనేవాడు. రాత చూసి పలకడం వల్ల వచ్చే చిక్కు ఇది. ప్యాక్ చివర క్ ఉంది, పలికేటప్పుడు గొంతు కంపించదు. అందుకని ‘ప్యాక్ట్’. ఓపెన్ చివర న్ పలికితే కంపిస్తుంది, అందుకని ‘ఓపెన్డ్’. లోడ్, వెయిట్ లాంటివాటికి చివర ఇంగ్లీషు డీ గాని టీ గాని ఉంది కాబట్టి అదనంగా ఒక అచ్చు కావాలి. ‘లోడెడ్’, ‘వెయిటెడ్’. గొంతు మీద రెండు వేళ్ళు పెట్టుకుని పలికి చూడు.

వ్యాఖ్యాత: ప్యాక్ట్... ఓపెన్డ్... అవును, న్ దగ్గర వేళ్ళకు తెలుస్తోంది!

మాస్టారు: ఇక మనల్ని నిజంగా ఇబ్బంది పెట్టేది ఒకటుంది. ‘లారీలు వెళ్ళాయి’ అన్న ఒక్క మాటే మనకు రెండు సందర్భాలకూ సరిపోతుంది. ఇంగ్లీషులో నిన్న, రాత్రి, పదింటికి అని సమయం చెబితే ‘వెంట్’. సమయం చెప్పకుండా, వెళ్ళిపోయాయి, ఇప్పుడు ఇక్కడ లేవు అనాలంటే ‘హ్యావ్ గాన్’. నిన్న అనే మాట పక్కన హ్యావ్ గాన్ పెట్టకూడదు.

వ్యాఖ్యాత: మరి సాధన ఎలా చేయాలి? రోజూ విజయవాడకు వెళ్ళి వచ్చేవాళ్ళు చాలామంది వింటున్నారు.

మాస్టారు: బస్సులో కూర్చున్నాక తమ పని గురించి ఒకే ఒక్క వాక్యం తీసుకోమనండి. దాన్నే నిన్నకు మార్చాలి, కాదనాలి, ప్రశ్న చేయాలి, ‘నేను’ తీసేసి ‘ఆయన’ అనాలి. పెదవులు కదలాలి, మనసులో అనుకుంటే చాలదు. కృష్ణ మీది వారధి వచ్చేదాకా ఆ ఒక్క వాక్యమే.

వ్యాఖ్యాత: గుమాస్తా గారు ఇప్పుడెలా మాట్లాడుతున్నారు?

మాస్టారు: మొన్న పాఠం మధ్యలో ఆయనకు ఫోను వచ్చింది. లేచి వరండాలోకి వెళ్ళాడు. నేను చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ‘ద లారీస్ హ్యావ్ గాన్ సార్’ అన్నాడు. అవతలివాళ్ళు ఎప్పుడని అడిగినట్టున్నారు. ‘దే వెంట్ లాస్ట్ నైట్’ అన్నాడు.