టేబుల్ మీద పెడతారా, పక్కన పెడతారా?

యాంకర్: నమస్కారం. ఈరోజు ఫోన్-ఇన్‌లో ఇంగ్లీషు ఇడియమ్స్ గురించి అడగొచ్చు. ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ హైదరాబాద్ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. నేను సాఫ్ట్‌వేర్‌లో చేస్తాను, మా మేనేజర్ అమెరికాలో ఉంటాడు. నా ప్రపోజల్ గురించి 'లెట్స్ టేబుల్ దిస్' అన్నాడు. చర్చకు తీసుకుంటున్నాడని సంబరపడి, రాత్రంతా కూర్చుని స్లైడ్స్ చేశాను. తర్వాతి మీటింగ్‌లో దాని ఊసే లేదు!

మాస్టారు: మీ తప్పేం లేదు బాబూ. పార్లమెంట్‌లో బిల్లు 'టేబుల్' చేశారని మన ఇంగ్లీషు పేపర్లు రాస్తే, సభ ముందు పెట్టారనే కదా అర్థం. అది బ్రిటిష్ వాడుక, మనకు వాళ్ల దగ్గర్నుంచే వచ్చింది. అమెరికాలో సరిగ్గా తిరగబడింది. ప్రస్తుతానికి పక్కన పెట్టేద్దాం అని.

యాంకర్: అయ్యో, పూర్తిగా ఉల్టానా!

మాస్టారు: రెండో ప్రపంచ యుద్ధంలో సైనికాధికారులే దీని దగ్గర తగువు పడ్డారు. చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. బ్రిటిష్ వాళ్లు ఒక కాగితాన్ని అర్జెంటుగా తేల్చాలనుకుని 'టేబుల్ చేద్దాం' అన్నారు. దాన్ని సొరుగులో పడేయడమేంటని అమెరికన్లు ఒప్పుకోలేదు. చాలాసేపు గట్టిగానే వాదించుకున్నాక తెలిసింది, ఇద్దరికీ కావలసింది ఒకటేనని.

కాలర్: మరి నేనేం చేయాలి సార్?

మాస్టారు: అనుమానం వస్తే అక్కడికక్కడే అడగండి. 'సో, నాట్ టుడే?' అంటే చాలు. అడిగితే చులకనైపోతామని మనవాళ్లకు ఒక మొహమాటం, దాంతోనే సగం నష్టం. అన్నట్టు, 'బాల్‌పార్క్ ఫిగర్' అడుగుతుంటాడా?

కాలర్: వారం వారం అడుగుతాడు సార్!

మాస్టారు: బాల్‌పార్క్ అంటే బేస్‌బాల్ మైదానం. ఉజ్జాయింపు అంకె చెబితే చాలు. కానీ అది ఉజ్జాయింపేనని మెయిల్‌లో రాసి పెట్టండి, లేకపోతే రేపు అదే అంకె మీద నిలదీస్తారు.

యాంకర్: తర్వాతి కాల్ గుంటూరు నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మా బాస్ వాళ్ల నాన్నగారు పోయారు. 'కిక్ ద బకెట్' అంటే చనిపోవడం అని ఇడియమ్స్ పుస్తకంలో ఉంది. సంతాపం మెయిల్‌లో అలా రాస్తే బాగుంటుందా అని...

మాస్టారు: పంపేశారా అమ్మా?

కాలర్: లేదండీ, డ్రాఫ్ట్‌లోనే ఉంది.

మాస్టారు: బతికించారు! వెంటనే తీసేయండి. తెలుగులో 'బాల్చీ తన్నేశాడు' అంటాం చూడండి, అచ్చంగా అదే. మీ బాస్ ఎదురుగా ఆ మాట అనగలరా? 'ఐ యామ్ సారీ ఫర్ యువర్ లాస్' అని రాయండి, చాలు. ఈ పుస్తకాలతో నా పేచీ ఇక్కడే. అర్థం అచ్చు వేస్తారు, ఎవరి దగ్గర అనకూడదో మాత్రం చెప్పరు.

కాలర్: 'పాస్డ్ అవే' అనొచ్చాండీ?

మాస్టారు: నిక్షేపంగా. అది మర్యాదైన మాటే.

యాంకర్: వరంగల్ నుంచి టెన్త్ విద్యార్థి. అడుగు నాన్నా.

కాలర్: సార్, వ్యాసంలో ఇడియమ్స్ ఎక్కువ రాస్తే మార్కులు పడతాయంటున్నారు. వర్షం గురించి 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' రాయనా?

మాస్టారు: రాస్తే తప్పు కాదు గానీ, అది బాగా అరిగిపోయిన మాట. 'పోరింగ్' అని రాయి, కుండపోత అని తెలిసిపోతుంది. ఇడియమ్స్ బట్టీ పట్టకుండా మన మాటలతో జత చేసుకో. 'బీటింగ్ అరౌండ్ ద బుష్' అంటే డొంకతిరుగుడు. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' అంటే అమావాస్యకో పున్నమికో. కాకపోతే మన పున్నమి నెలనెలా వస్తుంది, వాళ్ల బ్లూ మూన్‌కి, అంటే ఒకే ఇంగ్లీషు నెలలో వచ్చే రెండో పున్నమికి, రెండేళ్లు పైనే ఆగాలి!

యాంకర్: చివరి కాల్ అమెరికా, డాలస్ నుంచి.

కాలర్: మాస్టారూ, ఇక్కడ ఇంటర్వ్యూలో 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2014' అన్నాను. వాళ్లు కంగారుగా 'ఆర్ యూ ఓకే నౌ?' అన్నారు.

మాస్టారు: (నవ్వుతూ) పాపం, మంచివాళ్లే! స్పృహ తప్పి పడిపోయారనుకున్నారు. శిక్షణ పూర్తవడం అనే అర్థం మనకు పోలీసు, మిలిటరీ వాడుక నుంచి తెలుసు. హైదరాబాద్ పోలీసు అకాడమీలో పాసింగ్ అవుట్ పరేడ్ అంటారు కదా. మీరక్కడ 'గ్రాడ్యుయేటెడ్' అనండి. ఇంతకీ రెజ్యూమేలో కూడా అలాగే ఉందా?

కాలర్: రెండు చోట్ల ఉంది సార్.

మాస్టారు: అయితే ఫోన్ పెట్టేసి ముందు ఆ పని చూడండి.