ల్యాబ్ తాళం, రొయ్య ఎదుగుదల: మొన్నటి టీవీ చర్చ పూర్తి పాఠం

(తీరంలో ఓ పరిశోధన కేంద్రం ల్యాబ్‌కి తాళం వేసి ఉందని రైతులు గేటు ముందు బైఠాయించారు కదా, దాని మీద నెల్లూరు స్టూడియోలో పెట్టిన చర్చ ఇది. కేంద్రం పేరు ఎత్తకూడదని ముందే అనుకున్నారట. ముగ్గురూ ఒకేసారి అరిచిన చోట నాకు వినపడినంతే రాశాను.)

యాంకర్: నమస్కారం. యూనివర్సిటీల పరిశోధన మన ఊళ్ళకి ఏం చేస్తోంది? అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను. రైతు సంఘం నుంచి అన్న వచ్చారు, రిటైర్డ్ ప్రొఫెసర్ గారు ఉన్నారు, ఆక్వా మీద పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఉంది. అన్నా, మీతోనే మొదలుపెడదాం.

రైతు నాయకుడు: సూటిగా చెప్తా. అల్లూరు కాడ ఏడెకరాల గుంటలు నాయి. అరవై రోజులు దాటినా రొయ్య వంద కౌంట్ దగ్గరే, అంటే కిలోకి వంద తూగే సైజు దగ్గరే ఆగిపోయింది. మేత తింటా ఉంది, ఎదగట్లా. నీళ్ళు సీసాలో పట్టుకుని ఎండలో బండేసుకుని పోతే ల్యాబ్‌కి తాళం. వాచ్‌మన్‌ని అడిగితే సార్ సెమినార్‌కి పోయాడన్నాడు. దేని మీదయ్యా సెమినార్ అంటే, ఆక్వా రైతుల సమస్యల మీదంట!

ప్రొఫెసర్: ఒక్క నిమిషం. పరిశోధన వేరు, దాన్ని రైతు దాకా చేర్చే విస్తరణ వేరు. ప్రతి సీసా పరీక్ష చేయడం పరిశోధన కేంద్రం...

రైతు నాయకుడు: ఏ బోర్డు ఉన్న గదో నాకెందుకు సార్? తాళం తియ్యమంటున్నా.

యాంకర్: అసలు సార్, రిపోర్టులన్నీ ఇంగ్లీషులోనే ఎందుకుంటాయి? 2008లో తెలుగుకి ప్రాచీన భాష హోదా వచ్చింది. ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం మైసూరు నుంచి మన నెల్లూరుకే వచ్చింది, 2020 జనవరిలో ప్రారంభించారు. అయినా రైతు చేతికి తెలుగు కాగితం రాదు!

ప్రొఫెసర్: అది ప్రాచీన తెలుగు మీద పని చేసే కేంద్రమండీ. దానికీ రొయ్యకీ...

రైతు నాయకుడు: కాగితం తర్వాత సంగతి. ముందు తాళం.

ప్రొఫెసర్: అసలేమీ జరగలేదన్నట్టు మాట్లాడొద్దు. నెల్లూరు వరి పరిశోధన స్థానం 1937 నుంచి ఉంది. నెల్లూరు మసూరి, అదే ఎన్ఎల్ఆర్ 34449, అక్కడి రకమే. కొత్త రకమంటే రైతులకి విత్తనం చిరుసంచులిచ్చి వాళ్ళ పొలంలో చూడాలి, ఏళ్ళు పడుతుంది. విక్రమ సింహపురి యూనివర్సిటీ వచ్చిందే 2008లో. ఒంగోలులో ఆంధ్రకేసరి అయితే 2022లో. వాటి వయసెంత? అన్నిటినీ ఒకే...

రైతు నాయకుడు: అదిగో, మీరే చెప్పారు, రైతు పొలంలో చూడాలని! వరికి పొలంలోకి వచ్చినోళ్ళు రొయ్యకి గట్టు మీదకి రాలేరా? సరే, ఇంకోటి అడుగుతా. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పోయిందే, ఒక్క సైంటిస్టైనా మా ఊరొచ్చి ఎట్టున్నారని అడిగాడా?

ప్రొఫెసర్: సుంకం ల్యాబ్‌లో తగ్గుతుందా అండీ?

(ఇక్కడి నుంచి దాదాపు నాలుగు నిమిషాలు ట్రంప్, ఎగుమతిదారులు, కరెంటు సబ్సిడీ, టైగర్ రొయ్య రోజుల్లో వచ్చిన తెల్లమచ్చ తెగులు. మాట్లాడింది ఎక్కువగా అన్నే. అమ్మాయి రెండుసార్లు చెయ్యెత్తింది.)

యాంకర్: సుంకాల మీద వేరే చర్చ పెడదాం. అమ్మా, నువ్వు చెప్పు.

పరిశోధక విద్యార్థిని: ఆయన చెప్పేది వింటే నాకు ఈహెచ్‌పీ అనుమానం సార్, అది రొయ్యకి పట్టే ఓ సూక్ష్మజీవి. అది వస్తే రొయ్య వెంటనే చావదు, కానీ ఎదుగుదల ఆగిపోతుంది. సీసాలో తెచ్చిన నీళ్ళకి చేసే మామూలు పరీక్షలో అది బయటపడదు. సీడు, అంటే రొయ్య పిల్లల్ని గుంటలో దించే ముందే పీసీఆర్ చేయించుకోవాలి, అది ఆ క్రిమి జన్యువుని పట్టే పరీక్ష. ఆ రోజు ల్యాబ్ తెరిచే ఉన్నా ఆ సీసాతో...

రైతు నాయకుడు: అంటే తాళం వేసింది కరెక్టంటావా?

విద్యార్థిని: కాదండీ, నేను చెప్పేది...

యాంకర్: ఆ ఈహెచ్‌పీని తెలుగులో ఏమంటారమ్మా? చూశారా ప్రొఫెసర్ గారూ, పేరు దగ్గరే ఆగిపోతున్నాం!

విద్యార్థిని: రైతులంతా ఈహెచ్‌పీ అనే అంటారు సార్. దానికి మందు లేదు, అది ముఖ్యం.

రైతు నాయకుడు: మందు లేదా? మరి షాపాయన నాకు మూడు బకెట్లు ఎట్టా ఇచ్చాడు?

ప్రొఫెసర్: అమ్ముకోవడానికి ఇచ్చాడు!

రైతు నాయకుడు: అమ్ముకోవడానికైనా వచ్చాడు కదా సార్! పొద్దున అయిదింటికి షాపు కుర్రాడు గట్టు మీద ఉంటాడు, మేత తిన్నాయో లేదో చెక్‌ట్రే లేపి చూస్తాడు, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ ఆగితే నాకే ఫోన్ చేస్తాడు. నాకు వాడే సైంటిస్టు.

(కెమెరా వెనక ఎవరో నవ్వారు. ప్రొఫెసర్ గారు మంచినీళ్ళు తాగారు. నాకు ఇక్కడే చర్చ అయిపోయిందనిపించింది, ఇంకా పది నిమిషాలు సాగదీశారు.)

ప్రొఫెసర్: ఒకటి ఒప్పుకుంటాను. ప్రమోషన్‌కి జర్నల్లో పేపర్లు లెక్కపెడతారు. గుంట గట్టు మీద ఎన్ని పొద్దులు నిలబడ్డావని ఎవరూ లెక్కపెట్టరు.

విద్యార్థిని: గుంటలకి తిరిగే పెట్రోల్ డబ్బులు కూడా మేమే పెట్టుకుంటాం సార్. నేను ఏడాదిన్నరగా శాంపిళ్ళు...

రైతు నాయకుడు: మా గుంటకి ఎవురూ రాలా.

విద్యార్థిని: మీ పక్క ఊరికి వచ్చానండీ. గట్టు మీదకి రానివ్వలేదు, తెగులు మోసుకొస్తావన్నారు.

రైతు నాయకుడు: మరి రోగం ఉన్న గుంట తొక్కి మా గుంటలోకి దిగితే ఊరుకుంటారా? సరే, అది వదిలేయ్. తాళం సంగతి...

యాంకర్: టైమ్ అయిపోతోంది. అమ్మా, ఇరవై సెకన్లు.

విద్యార్థిని: పట్టుబడి అయ్యాక గుంట బాగా ఎండగట్టి, కాల్చిన సున్నం ఎకరాకి దాదాపు రెండున్నర టన్నులు వేసి, మట్టిలో కలిసేలా దున్ని, తడిపి వారం...

రైతు నాయకుడు: రెండున్నర టన్నులా! ఆ ఖర్చు యూనివర్సిటీ పెట్టుకుంటుందా?

యాంకర్: అన్న అడిగిన ప్రశ్న న్యాయమైనది. తాళం తియ్యాలి, రిపోర్టులు తెలుగులో రావాలి, ఈ రెండూ అందరూ ఒప్పుకున్నారు.

ప్రొఫెసర్: నేను ఒప్పుకున్నానా?

యాంకర్: చిన్న విరామం.

(మైకులు ఇంకా ఆన్‌లోనే ఉన్నాయి. "అమ్మాయ్, ఆ సున్నం ఎంతన్నావు?" అని అన్న గొంతు వినపడింది. ఆమె ఏం చెప్పిందో వినపడలేదు, అప్పటికే ప్రకటన మొదలైంది: రొయ్య ఎదుగుదలకి మందు, బకెట్ కొంటే గొడుగు ఉచితం.)