గంట మోగగానే పని ఆపే చోటు: న్యూ మెక్సికో ఎడారిలోని బెనెడిక్టైన్ మఠం

నమస్కారమండీ. ఇప్పుడు మీరు చూస్తున్న ఎర్రటి కొండలు న్యూ మెక్సికో రాష్ట్రంలోని చామా నది లోయవి. ఆ కొండల కింద మట్టిరంగులో కలిసిపోయినట్టు కనిపిస్తున్న కట్టడమే క్రైస్ట్ ఇన్ ద డెజర్ట్ అనే బెనెడిక్టైన్ మఠం, అంటే పునీత బెనెడిక్ట్ నియమావళిని పాటించే కాథలిక్ సన్యాసుల నివాసం. న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ సేవియర్ మఠం నుంచి వచ్చిన ఎల్‌రెడ్ వాల్ అనే కాథలిక్ గురువు 1964లో దీన్ని స్థాపించారు. డెన్వర్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి ఇక్కడికి రావాలని అనుకుంటూనే ఉన్నాను. పిల్లలను మా వారికి అప్పగించి ఈ అక్టోబరులో రాగలిగాను. ప్రార్థన వేళల్లో కెమెరా తీయడం మర్యాద కాదు కనుక ఈ వీడియోలో మీకు దారి, కొండలు, నది, అతిథి గృహం బయటి భాగం మాత్రమే కనిపిస్తాయి. మిగిలినదంతా మాటల్లోనే చెబుతాను.

బయలుదేరే ముందు ఫోన్‌లో మా అత్తయ్యగారు అడిగిన మొదటి ప్రశ్న, "మనవాళ్లను అక్కడ ఉండనిస్తారా అమ్మా?" అని. ఉండనిస్తారు. ఏ మతం వారైనా, ఏ మతమూ లేనివారైనా రావచ్చు. అది ఈ మఠం ప్రత్యేకంగా చూపిస్తున్న ఉదారత కాదు, పద్నాలుగు వందల ఏళ్లకు పైగా బెనెడిక్టైన్ సన్యాసులు మోస్తున్న బాధ్యత. ఆరవ శతాబ్దంలో ఇటలీలో పునీత బెనెడిక్ట్ రాసిన నియమావళిలో 73 అధ్యాయాలున్నాయి. అందులో 53వ అధ్యాయం వచ్చిన ప్రతి అతిథినీ సాక్షాత్తు క్రీస్తుగానే ఎంచి ఆహ్వానించమంటుంది. పేదలను, దూరం నుంచి వచ్చిన బాటసారులను మరింత శ్రద్ధగా చూడమంటుంది, ఎందుకంటే ధనవంతులకు మర్యాద ఎలాగూ దక్కుతుందని చెబుతుంది. అతిథుల బాధ్యత చూసే బ్రదర్ (ఇక్కడి సన్యాసులను అలా పిలుస్తారు) నా చేతిలోని సంచి అందుకుని గది వరకూ నడిచి వచ్చారు. నేను ఏ మతం దాన్నో, ఏ పని మీద వచ్చానో ఒక్క మాట కూడా అడగలేదు.

దారి గురించి చెప్పాలి. 84వ నంబరు జాతీయ రహదారి మీద అబిక్యూ అనే ఊరు, గోస్ట్ రాంచ్ అనే సందర్శన స్థలం దాటిన కాసేపటికి ఎడమవైపు 151వ నంబరు ఫారెస్ట్ రోడ్డు వస్తుంది. అక్కడి నుంచి మఠం వరకూ 13 మైళ్లు మట్టి రోడ్డు. నది పక్కన కొండ అంచున సాగే ఈ దారిలో ఎదురుగా బండి వస్తే కొన్నిచోట్ల ఒకరు ఆగి దారి ఇవ్వవలసిందే. ఫోన్ సిగ్నల్ ఉండదు.

మఠం చర్చిని ఏటవాలు రాతి కొండకు దగ్గరగా కట్టారు. లోపల కూర్చుంటే పైనున్న కిటికీల్లోంచి కొండశిఖరం, దాని మీద మారుతున్న ఎండ కనిపిస్తాయి. దీని రూపకర్త జార్జ్ నకషిమా. చెక్కపని కళాకారుడిగా ప్రపంచానికి తెలిసిన ఈ జపనీస్ అమెరికన్, 1930ల చివర్లో పుదుచ్చేరిలోని శ్రీ అరవిందాశ్రమంలో గోల్కొండ్ అనే వసతి భవనం నిర్మాణంలో పనిచేశారు. మన దేశంలో కట్టిన తొలి ఆధునిక కాంక్రీటు భవనాల్లో అదొకటి. దానికి డబ్బు ఎక్కడిదో తెలుసుకున్నప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది: హైదరాబాద్ సంస్థానంలో దివానుగా ఉన్న సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ఇచ్చిన విరాళం అది, అందుకే ఆ భవనానికి మన గోల్కొండ పేరు పెట్టారు. ఆశ్రమంలో అరవిందుల నుంచి సుందరానంద అనే పేరు పొందిన ఆ మనిషే, తరువాతి జీవితంలో, ఈ ఎడారిలో సన్యాసులు కూర్చుని కీర్తనలు పాడుకోవడానికి ఇంత నిరాడంబరమైన చోటును ఊహించారు.

ఇక అసలు విషయానికి వస్తాను. రిట్రీట్ అంటే ఏ పనీ లేకుండా ప్రశాంతంగా ఉండడం అని చాలామంది అనుకుంటారు. ఇక్కడ జరిగేది అది కాదు. తెల్లవారుజామున నాలుగింటికి తొలి ప్రార్థన. అతిథి గృహం నుంచి చర్చికి కొంత దూరం నడవాలి. చీకట్లో, చలిలో, టార్చిలైటు పట్టుకుని. అది మొదలు రాత్రి పడుకోబోయే ముందు చేసే ప్రార్థన వరకూ రోజంతా కొద్ది గంటలకొకసారి గంట మోగుతూనే ఉంటుంది. బైబిల్లోని 150 కీర్తనలూ వారంలో పూర్తి కావాలన్నది నియమావళి లెక్క. సన్యాసులు ఎదురెదురుగా రెండు వరుసల్లో నిలబడి, ఒక చరణం వీరు, ఒక చరణం వారు పాడతారు. నేను బాగా దగ్గర నుంచి గమనించినది ఒకటి ఉంది: ప్రతి చరణం సగానికి వచ్చేసరికి అందరూ ఒక్కసారిగా ఆగుతారు. ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఎవరి గొంతూ వినిపించదు, ఆ తరువాతే రెండో సగం అందుకుంటారు. ఎవరూ చేయి ఊపరు, తాళం వేయరు. వియత్నాం నుంచి, మెక్సికో నుంచి, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన మనుషులు రోజూ కలిసి పాడి పాడి ఆ విరామాన్ని ఒకే కొలతకు తెచ్చుకున్నారు.

నాది ప్రొడక్షన్ సపోర్ట్ ఉద్యోగం, అంటే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు సరిచేసే పని. సమస్య తీరేదాకా కుర్చీలోంచి లేవకపోవడమే మంచి పనితనం అని నేర్చుకుని ఇంతదాకా వచ్చినదాన్ని. ఇక్కడి నియమం దానికి పూర్తిగా ఎదురుదిక్కు. ప్రార్థన గంట వినపడగానే చేతిలో ఏ పని ఉంటే అది వదిలేసి రావాలని నియమావళిలోని 43వ అధ్యాయం చెబుతుంది. బెనెడిక్ట్ తన సన్యాసులను చదవమన్న పాతకాలపు సన్యాసి రచయిత జాన్ కాసియన్ ఇంకా ముందుకు వెళ్లి, ఈజిప్టు సన్యాసులు రాస్తున్న అక్షరాన్ని కూడా పూర్తి చేయకుండా లేచేవారని రాశారు. అతిథులను ఉదయం పూట కాసేపు పనిలోకి రమ్మంటారు. నాకు తోటలో కలుపు తీసే పని ఇచ్చారు. నా పక్కన పనిచేస్తున్న బ్రదర్ ఒక మొక్క మొదట్లో పార దింపారు, అంతలో గంట మోగింది. ఇంకొక్క పోటు వేస్తే వేరు వచ్చేస్తుంది. ఆయన ఆ పోటు వేయలేదు. పారకంటిన మట్టి దులిపి, గోడకు ఆనించి, చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. ఆ మొక్క సగం పెకలి అలాగే ఉంది. ప్రార్థన అయ్యాక తిరిగి వచ్చి, ఏమీ జరగనట్టు అక్కడి నుంచే మొదలుపెట్టారు. పని మీద అశ్రద్ధ ఉన్న మనిషి పారను అలా శుభ్రం చేయడు. మఠంలోని పనిముట్లన్నిటినీ బలిపీఠం మీది పవిత్ర పాత్రలతో సమానంగా చూడమని 31వ అధ్యాయం చెబుతుంది. మనం దసరాకు ఏడాదికొకసారి చేసే ఆయుధపూజ ఇక్కడ ప్రతి పూటా జరుగుతోందనిపించింది.

ఈ సన్యాసులకు మన రంగం కొత్తది కాదు. 1990లలో, ఇంటర్నెట్ ఇంకా చాలా ఇళ్లకు రాని కాలంలోనే, సౌర విద్యుత్తు మీద కంప్యూటర్లు నడుపుతూ వారు వెబ్‌సైట్లు డిజైన్ చేశారు. మధ్యయుగంలో గ్రంథాలకు ప్రతులు రాసిన సన్యాసుల వారసులు వారు. పని విలువ తెలిసిన వారే పనికి హద్దు పెట్టగలరని నేను నమ్ముతున్నాను. మనలో ఎందరో పగలు ఇక్కడి ఆఫీసుకు, రాత్రి ఇండియా టీముతో కాల్స్‌కు సమయమిచ్చి, ఆ రెండింటి మధ్యనే పిల్లలను పెంచుతున్నాం. మనకు కావలసింది సెలవు ఒక్కటే కాదు, పని సగంలో ఉండగా లేచి వెళ్లినా తప్పు లేదనే ధైర్యం కూడా.

భోజనం గురించి దిగులు పడనక్కర లేదు. నాలుగు కాళ్ల జంతువుల మాంసం తినకూడదన్నది వారి నియమం. నాకు రొట్టె, బీన్స్, కూరగాయలు, సూప్‌తో హాయిగా గడిచింది. తినేటప్పుడు ఎవరూ మాట్లాడరు. ఒకరు పుస్తకం చదువుతుంటే మిగిలినవారు వింటూ తింటారు. రాత్రి చివరి ప్రార్థన అయ్యాక మరునాటి ఉదయం వరకూ మౌనమే. దివ్యబలిపూజకు (మాస్) అందరూ వెళ్లవచ్చు, అయితే అందులో ఇచ్చే సత్ప్రసాదం కాథలిక్కులకు మాత్రమే. మిగిలినవారు తమ చోటే కూర్చుంటే ఎవరూ ఏమీ అనుకోరు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకురావచ్చా అంటే, రాత్రి బసకు నేను సలహా ఇవ్వను. చీకట్లో ఎగుడుదిగుడు నేల మీద నడక, చలి, దగ్గరలో ఆసుపత్రి లేకపోవడం వారికి కష్టం. ఆదివారం పూజకు వచ్చి, నది ఒడ్డున కాసేపు కూర్చుని, వెలుతురుండగానే తిరిగి వెళ్లేలా ప్రయాణం పెట్టుకోండి. వాన పడితే ఆ మట్టి రోడ్డు జారుడు బంకమట్టి అయిపోతుంది, ఫోర్ వీల్ డ్రైవ్ బండి కూడా పక్కకు లాగేస్తుంది. అందుకే జులై నుంచి సెప్టెంబరు వరకూ మధ్యాహ్నపు మబ్బులు కనిపిస్తే 84వ నంబరు రహదారి మీదే ఆగిపోయి, గోస్ట్ రాంచ్ చూసుకుని వెనక్కి రండి.