మెల్లగా వేస్తే పళ్లు పోతాయి

హోస్ట్: ఇవాళ మనతో ఉన్న అన్న దగ్గర తలుపుల్లేని చిన్న కారొకటి ఉంది. బరువు ఐదొందల కిలోలు, ఆపైన కాస్త. ఇంజను బైక్‌ది, గేర్‌బాక్సూ దానిదే, సీక్వెన్షియల్ రకం. అన్నా, ముందే ఒప్పేసుకుంటున్నా. సీక్వెన్షియల్ అంటే స్టీరింగ్ వెనక మీట నొక్కితే గేర్ మారే ఆటోమేటిక్ అనుకున్నా ఇన్నాళ్లూ.

అతిథి: (నవ్వు) నువ్వొక్కడివే కాదులే. మీట ఉందా, లివర్ ఉందా అన్నది కాదు లెక్క. పాత టయోటా ఎంఆర్2లో ఒక రకానికి సీక్వెన్షియల్ అనే పేరు పెట్టారు. క్లచ్ పెడల్ ఉండదు. కానీ లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, చెయ్యి చేసే పని హైడ్రాలిక్స్ చేస్తాయి. నాదాన్లో ఒక డ్రమ్ము ఉంటుంది, దాని మీద గాడులు. లివర్ లాగిన ప్రతిసారీ డ్రమ్ము ఒక మెట్టు తిరుగుతుంది, ఆ గాడుల వెంబడి గేర్లని పక్కకి నెట్టే ఫోర్కులు జరుగుతాయి. అందుకే మూడు నుంచి ఐదుకి దూకలేవు. నాలుగు తగిలే వెళ్లాలి.

హోస్ట్: బైక్ మీద కాలితో వేసినట్టే.

అతిథి: అచ్చం అదే, కాలి బదులు చెయ్యి. లాగితే పై గేరు, తోస్తే కింది గేరు. స్పీడందుకునేటప్పుడు ఒళ్లు ఎలాగూ వెనక్కి పోతుంది కదా, చెయ్యీ దాంతోపాటే వస్తుంది. బ్రేకేస్తే ముందుకి పడతావు, అప్పుడు తోయడం తేలిక.

హోస్ట్: మొదటి రోజు ఎలా ఉంది?

అతిథి: పరువు పోయింది. ఇరవై ఏళ్లు మాన్యువల్ నడిపినోణ్ణి, గేరంటే మెత్తగా వెయ్యాలని చేతికి అలవాటు. ఇందులో సింక్రోలు, అంటే గేర్ల వేగాల్ని ముందే కలిపే రింగులు, ఉండవు. డాగ్స్ అని లావుపాటి పళ్లుంటాయి, అవి ఎదుటి గేరులో ఉన్న సందుల్లోకి ఠక్కున దూరాలి. నువ్వు మెల్లగా, మర్యాదగా వేశావనుకో, పళ్ల అంచులు ఒకదాన్నొకటి గీరుకుంటాయి. గీరుకుని గీరుకుని మూలలు గుండ్రంగా అయిపోతాయి. ఆ తర్వాత యాక్సిలరేటర్ తొక్కగానే గేరు దానంతటదే బయటికి జారుతుంది. నా సెకండ్ గేరు అలాగే పోయింది. తప్పు నాదే, కారుకి మంచి చేస్తున్నాననుకున్నా.

హోస్ట్: అంటే కొట్టినట్టు వెయ్యాలా?

అతిథి: కొట్టక్కర్లేదు, తటపటాయించకూడదు. పైకి వేసేటప్పుడు క్లచ్చు కూడా అక్కర్లేదు. లివర్‌లో ఒక సెన్సర్ ఉంది. నా లాగుడు తెలియగానే సెకన్లో ఇరవయ్యో వంతు, అంతే, ఇగ్నిషన్ ఆపుతుంది. ఇంజను తోపు ఆగిన ఆ క్షణంలో పళ్లు వదులై జారిపోతాయి. నా కుడికాలు మాత్రం నొక్కింది నొక్కినట్టే ఉంటుంది. ఆ సుఖం... ఎలా చెప్పను, నోటితో చెప్తే తెలీదు.

హోస్ట్: కిందికి వేసేటప్పుడు?

అతిథి: అక్కడే అసలు పరీక్ష. బ్రేక్ మీద కాలుంచి, దాంతోనే యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తట్టాలి, ఇంజను వేగం గేరుకి సరిపోవాలి కదా. అది తప్పితే వెనక చక్రాలు పట్టేసి గంతులేస్తాయి. తేలిక కారు, పైగా బ్రేకేస్తే ఉన్న బరువంతా ముందుకే పోతుంది. ఇంకొకటి, ఐదు నుంచి పొరపాటున రెండులో పడే ప్రమాదం లేదు, నిజమే. కానీ గబగబా మూడుసార్లు తోశావా, అదే రెండు! అది నిన్నేం అడ్డుకోదు.

హోస్ట్: మరి సిగ్నల్ దగ్గర ఆగితే?

అతిథి: అబ్బ, అది అడక్కు. నాలుగులో ఉండగా బండి ఆగిందనుకో, ఆగిన చోట గేర్లు దిగవు. పన్ను పన్నుకెదురుగా వచ్చి మొరాయిస్తుంది. క్లచ్చు కాస్త వదిలి, మళ్లీ తొక్కి, మళ్లీ తోసి... ఈలోగా వెనకాల హారన్లు. న్యూట్రల్ సంగతి సరే సరి, ఒకటికీ రెండుకీ మధ్య ఎక్కడో సగం మెట్టులో ఉంటుంది. డాష్‌బోర్డు మీద పచ్చలైటు వెలిగితే న్యూట్రల్ దొరికినట్టు. రివర్స్ లేనే లేదు, దిగి తోసుకోవడమే. కొందరు చిన్న ఎలక్ట్రిక్ మోటారు పెట్టించుకుంటారు.

హోస్ట్: రేసు కోసం చేసిన గేర్‌బాక్సులు కూడా ఇంతేనా?

అతిథి: వాటిలో రివర్స్ ఉంటుంది. కేటర్‌హామ్ 620ఆర్ అనే కారులో సాదెవ్ కంపెనీ గేర్‌బాక్స్, ఆరు గేర్లు. బీఏసీ మోనో కారులో హ్యూలాండ్ కంపెనీది. బలం ఎక్కువ, ఈల కూడా ఎక్కువ, గేర్ల పళ్లు నిలువుగా కోస్తారు కదా. హెల్మెట్ పెట్టుకున్నా చెవుల్లో మోగుతూనే ఉంటుంది. విప్పి చూడాల్సిన టైము వాటికి కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్క. కేటర్‌హామ్ వాళ్లే తర్వాత 620ఎస్ అని తెచ్చారు. అదే ఇంజను, మామూలు ఐదు గేర్ల మాన్యువల్. రోడ్డు మీద తిరిగేవాళ్లు ఎవరడిగినా నేను అటే వెళ్లమంటా.

హోస్ట్: మీరు మార్చేస్తారా మరి?

అతిథి: నేనా? నేను మార్చను.

హోస్ట్: ఒక్కసారి నన్ను నడపనివ్వండన్నా.

అతిథి: ఇస్తా. ముందు ఎక్కి కూర్చుని న్యూట్రల్ వెతుకు.