కొత్త కార్డుకు డెక్‌లో చోటు వెతికే ముందు జత వెతకండి

నమస్కారం. ఒంగోలు నుంచి మాట్లాడుతున్నాను. హార్త్‌స్టోన్ అనే డిజిటల్ కార్డుల ఆటలో కొత్త విడత కార్డులు వెలువడిన ప్రతిసారీ ఈ ఛానల్‌కు ఒకే ప్రశ్న వస్తూ ఉంటుంది: "అన్నా, ఈ కార్డు కేక, నా డెక్‌లో (ఆటకు నేను ఎంచి కట్టుకున్న కార్డుల కట్టలో) ఏది తీసేసి దీన్ని పెట్టేది?" కావలి నుంచి అడిగినా, సింగరాయకొండ నుంచి అడిగినా ప్రశ్న మాత్రం మారదు. అడిగేవారి ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను గానీ, ఆ ప్రశ్నలో దాగి ఉన్న అపోహ ఒకటి నన్ను చాలాకాలంగా విసిగిస్తోంది. కొత్త కార్డు అంటే పాత కార్డు కుర్చీలో కూర్చోవడానికి వచ్చిన మరో కార్డు అని మనం అనుకుంటున్నాం. కొన్ని కార్డులు నిజంగానే అటువంటివి. అదే పనిని అంతకంటే చౌకగానో, అంతకంటే గట్టిగానో చేస్తాయి కాబట్టి వాటిని మార్చుకుంటే సరిపోతుంది, వాటికోసం వీడియో అక్కరలేదు. డెక్ మొత్తాన్ని తన షరతుకు లొంగమని అడిగే కార్డు వచ్చినప్పుడే అసలు పని మొదలవుతుంది.

మన జిల్లాలో బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ విషయం చెప్పడం తేలిక. లక్షలు పోసి ఒక మేలైన గిత్తను కొని, దాన్ని ఇంట్లో ఉన్న ఏదో ఒక ఎద్దు పక్కన కాడికి కట్టారనుకోండి. కొత్తది ముందుకు దూకుతుంది, పాతది వెనకబడుతుంది, కాడి వంకరపోతుంది, బండ కదలవలసినంత కదలదు. పోటీలో కొలిచేది జత లాగిన దూరాన్నే గనుక, కొత్త గిత్త ఒక్కదాని బలం ఎవరి లెక్కలోకీ రాదు. అందుకే తెలిసిన రైతు ఒంటి ఎద్దును చూసి ధర చెప్పడు, దానికి దాపట ఎవరు, వలపట ఎవరు అని ముందు ఆలోచిస్తాడు. కొత్త కార్డును కూడా నేను ఇలాగే చూస్తాను.

ఉదాహరణకు ఈ నెల వచ్చిన కార్డును తీసుకోవడం లేదు. ఈ వీడియో మీరు చూసే సమయానికి దాని అంకెలు సవరణలో మారిపోయి ఉండవచ్చు, అప్పుడు నేను చెప్పిన లెక్కంతా వృథా అవుతుంది. కథ ఎటు నడిచిందో పూర్తిగా తెలిసిన పాత కార్డే పాఠానికి మంచిది. 2015 నవంబరులో లీగ్ ఆఫ్ ఎక్స్‌ప్లోరర్స్ విడతతో వచ్చిన రెనో జాక్సన్‌ను తీసుకుందాం.

[తెరపై: రెనో జాక్సన్ కార్డు, పక్కన దాని షరతు]

ఆరు మానా (కార్డు ఆడటానికి చెల్లించే శక్తి, టర్నుకు ఒకటి చొప్పున పెరుగుతుంది), నాలుగు దాడి, ఆరు ప్రాణం. ఆ ఖరీదుకు ఈ ఒడ్డు పొడుగు చాలా మామూలుది. కానీ దాన్ని బల్లపైకి దించినప్పుడు మీ డెక్‌లో ఏ కార్డూ రెండు ప్రతులు లేకపోతే మీ హీరో, అంటే ఆటలో మీ పాత్ర, ప్రాణం పూర్తిగా నిండుతుంది. మూడు మిగిలి ఉన్నా ముప్పైకి చేరుతుంది. ఇది చూసి నోరూరని ఆటగాడు ఉండడు. అయితే ఆ షరతులో ఒక మూల్యం ఉంది, అది కార్డు మీద ముద్రించిన ఆరు మానా కంటే చాలా పెద్దది.

ఆ మూల్యాన్ని లెక్క వేసి చూద్దాం. ముప్పై కార్డుల డెక్‌లో మొదట ఆడేవారికి మూడు కార్డులు చేతికి వస్తాయి, ఆపై టర్నుకు ఒకటి. ఆరో టర్నుకు తొమ్మిది కార్డులు చూస్తారు. మొదట్లో కార్డులు మార్చుకునే అవకాశాన్ని లెక్క సులువు కోసం పక్కన పెడుతున్నాను. ఒక కార్డు రెండు ప్రతులు పెట్టుకుంటే ఆరో టర్నుకు కనీసం ఒకటి చేతికి వచ్చే అవకాశం సుమారు 52 శాతం. అదే కార్డు ఒక్క ప్రతి ఉంటే 30 శాతం. అంటే రెనోను డెక్‌లో పెట్టిన క్షణంలోనే, అంతకుముందు మీరు నమ్ముకున్న ప్రతి మంచి కార్డు మీద మీ నమ్మకాన్ని 52 నుంచి 30కి దించుకున్నారన్నమాట. పైగా ఖాళీ అయిన రెండో ప్రతుల స్థానాల్లో మీ పెట్టెలోని రెండో రకం కార్డులు వచ్చి చేరతాయి. ఇంత చేసినా రెనో లెజెండరీ, అంటే డెక్‌లో ఒక్క ప్రతికే వీలున్న అత్యంత అరుదైన తరగతి కార్డు కాబట్టి అదీ ఒక్కటే ఉంటుంది, దాని రాక కూడా 30 శాతమే.

ఇప్పుడు పై ప్రశ్నకు తిరిగి వెళితే, ఏది తీసి దీన్ని పెట్టాలి అన్న మాటలోని చిక్కు తెలుస్తుంది. తీసేది ఒక కార్డును కాదు, డెక్ నిలకడనే తీసేస్తున్నారు. ఆ నిలకడను ఎవరు తిరిగి తెస్తారో చెప్పగలిగినవారికే ఈ కార్డు. ఆటలోని హీరో వర్గాల్లో ఒకటైన హంటర్ వాడిన ఆనాటి వేగవంతమైన డెక్‌నే చూడండి. ఆరేడు టర్నుల్లో ఎదుటివారి ప్రాణం తీసేయడమే దాని పని. అందులోని రెండో ప్రతులన్నీ తీసేసి రెనోను కట్టినవారు ఉన్నారు. తన ప్రాణం తగ్గినా లెక్క చేయని డెక్‌కు ప్రాణం నింపే కార్డు ఎందుకు? అది పరుగు పందెపు ఎద్దును తెచ్చి బండకు కట్టినట్టే ఉంటుంది.

రెనోకు అసలైన జత వార్లాక్ అనే మరో హీరో వర్గం. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే డెక్ కట్టడంలో నాకు తెలిసిన అత్యంత అందమైన అమరిక ఇదే.

వార్లాక్ హీరో శక్తి లైఫ్ ట్యాప్: రెండు మానా ఇచ్చి, రెండు ప్రాణం పోగొట్టుకుని, ఒక కార్డు తీసుకోవడం. రెనో వల్ల పోయిన నిలకడను ఈ అదనపు కార్డులు పూడుస్తాయి. అందుకోసం వార్లాక్ పోగొట్టుకున్న ప్రాణాన్ని రెనో వచ్చి పూడుస్తాడు. ఒకరి లోటు మరొకరి బలం వల్ల తీరుతోంది, అదే సమయంలో రెండోవారి లోటు మొదటివారి వల్ల తీరుతోంది. దాపట, వలపట సరిగ్గా కుదిరాయి.

[తెరపై: నాలుగో టర్ను, చేతిలోని కార్డులు]

ఒక ఆటను దగ్గరగా చూద్దాం. మీరు మొదట ఆడుతున్నారు, చేతిలో మూడు కార్డులు ఉన్నాయి. మొదటి టర్నులో ఒకటి వచ్చి నాలుగయ్యాయి, ఏమీ ఆడలేదు. రెండో టర్నులో అయిదోది వచ్చింది, లైఫ్ ట్యాప్‌తో ఆరయ్యాయి. మూడో టర్నులో ఏడోది, మళ్ళీ ట్యాప్‌తో ఎనిమిది. నాలుగో టర్ను మొదలయ్యేసరికి చేతిలో తొమ్మిది కార్డులు ఉన్నాయి. ఎదుటివారు ఏమీ చేయకపోయినా మీ ప్రాణం ఇరవై ఆరుకు దిగింది, బల్ల మీద మీదంటూ ఏమీ లేదు. చూసేవారికి మీరు ఓడిపోతున్నట్టే కనిపిస్తారు. అప్పుడు మౌంటెన్ జయంట్‌ను ఆడతారు. దాని ఖరీదు పన్నెండు మానా, కానీ చేతిలో ఉన్న ప్రతి ఇతర కార్డుకూ ఒకటి తగ్గుతుంది. ఎనిమిది ఇతర కార్డులు ఉన్నాయి కాబట్టి నాలుగు మానాకే ఎనిమిది దాడి, ఎనిమిది ప్రాణం ఉన్న రాక్షసుడు దిగుతాడు. జయంట్ లేకపోతే ట్విలైట్ డ్రేక్: నాలుగు మానా, చేతిలో మిగిలిన ఎనిమిది కార్డుల వల్ల తొమ్మిది ప్రాణంతో వస్తుంది.

ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. మామూలు ఆటగాడు ఆరో టర్నుకు చూసే తొమ్మిది కార్డులను ఈ వార్లాక్ నాలుగో టర్నుకే చూశాడు. అయిదో టర్నులో కూడా ట్యాప్ చేస్తే ఆరో టర్నుకు పన్నెండు కార్డులు అవుతాయి, రెనో చేతిలో ఉండే అవకాశం 30 నుంచి 40 శాతానికి పెరుగుతుంది.

నలభై అనగానే సంతోషించకండి. నూటికి అరవై ఆటల్లో ఆరో టర్నుకు రెనో మీ చేతిలో ఉండడు. కొత్త కార్డు మోజులో డెక్ కట్టేవారెవరూ ఈ అరవై ఆటల గురించి మాట్లాడరు, దాన్ని నేను ఒప్పుకోలేను. ఒక రోజు గిత్త కుంటితే పొలం పని ఆగిపోయే ఇల్లు ఎద్దును కొన్న ఇల్లు కాదు, అప్పును కొన్న ఇల్లు. రెనో లేని ఆటలో జయంట్, డ్రేక్ మీ ముందు గోడలా నిలబడాలి, అందరికీ మూడేసి దెబ్బలు వేసే హెల్‌ఫైర్ వంటి కార్డులు బల్లను శుభ్రం చేయాలి. హెల్‌ఫైర్ మీ హీరోను కూడా కాలుస్తుంది, రెనో వస్తే ఆ కాలినదీ మానుతుంది, రాకపోయినా బల్ల మాత్రం ఖాళీ అయి ఉంటుంది. డెక్‌లో పెట్టే ప్రతి కార్డునూ ఈ రెండు ప్రశ్నలతో పరీక్షించండి: కొత్త కార్డు చేతిలో ఉంటే ఇది దానికి ఏం చేస్తుంది, లేకపోతే ఇది ఒంటరిగా ఏం చేస్తుంది? రెండో ప్రశ్నకు జవాబు లేని కార్డులు నాలుగైదు మించితే ఆ డెక్ నిలబడదని నా అభిప్రాయం.

షరతును అక్షరం అక్షరం చదవమని ఎందుకు చెబుతుంటానో ఇప్పుడు చూడండి. రెనో జాక్సన్ చూసేది అతన్ని ఆడే క్షణంలో డెక్‌లో మిగిలి ఉన్న కార్డులనే. మీ చేతికి వచ్చేసినవి లెక్కలో ఉండవు. అందువల్ల చాలా ముఖ్యమైన ఒక కార్డును రెండు ప్రతులు పెట్టుకోవడానికి వీలుంది. అందులో ఒకటి చేతికి వస్తే చాలు, షరతు తీరుతుంది. మన ఉదాహరణలోలాగా ఆరో టర్నుకు పన్నెండు కార్డులు చూసి, వాటిలో రెనో ఉంటే, ఆ జంట ఇంకా డెక్‌లోనే కూర్చుని మీ పని చెడగొట్టే అవకాశం సుమారు 38 శాతం. పదో టర్నుకు ఆ అపాయం బాగా తగ్గుతుంది. వేగంగా కొట్టే ప్రత్యర్థులు ఎక్కువగా ఉన్న వారంలో నేనైతే ఈ సాహసం చేయను, నెమ్మదైన ఆటలు నడుస్తున్నప్పుడు తప్పకుండా చేస్తాను. 2023 నవంబరులో షోడౌన్ ఇన్ ద బ్యాడ్‌లాండ్స్‌తో వచ్చిన "రెనో, లోన్ రేంజర్" అనే కార్డు దగ్గర ఈ వెసులుబాటు లేదు. అది ఆట మొదలైనప్పటి డెక్‌ను చూస్తుంది. పేరు ఒకటే కదా అని పాత అలవాటుతో రెండో ప్రతి పెట్టారంటే ఆ ఆటంతా కార్డు పడుకునే ఉంటుంది.

జత ఎప్పుడూ రెనో, వార్లాక్‌లాగే ఉండాలని లేదు. అదే 2015 ఆగస్టులో వచ్చిన మిస్టీరియస్ ఛాలెంజర్ అనే ప్యాలడిన్ వర్గపు కార్డు డెక్‌లోని సీక్రెట్లను (ప్రత్యర్థి ఏదో ఒక పని చేసినప్పుడు బయటపడే రహస్య కార్డులను) ఒక్కో రకం చొప్పున తెచ్చి రంగంలోకి దించుతుంది. దానికి జతగా కట్టిన సీక్రెట్లు చేతికి వస్తే నీరసమైనవి, డెక్‌లో ఉంటేనే విలువైనవి. అక్కడ కార్డులు ఎక్కువగా లాగడం బలం కాదు, ఒక విధంగా నష్టం. కానీ ఛాలెంజర్ ఎపిక్, అంటే లెజెండరీకి ఒక మెట్టు కింది తరగతి కార్డు, రెండు ప్రతులు పెట్టుకోవచ్చు కాబట్టి ఆరో టర్నుకు 52 శాతం అవకాశం ముందే చేతిలో ఉంది. అందుకే ఆ డెక్ లైఫ్ ట్యాప్ లేకుండా నడిచింది.

సమయం మించిపోతోంది, మిగిలినవి వేగంగా చెబుతాను.

మొదటిది, షరతు మూల్యాన్ని ఒకసారి చెల్లించాక దానిమీద మరెన్ని కార్డులు బతకగలవో చూడండి. 2016 డిసెంబరులో కజాకస్ అనే కార్డు వచ్చినప్పుడు మేజ్, ప్రీస్ట్, వార్లాక్ వర్గాల ఆటగాళ్ళకు అదే ఒంటిప్రతి షరతు మీద రెండో ప్రతిఫలం దొరికింది. ప్రీస్ట్‌కు రజా కూడా తోడయ్యాడు. రజా జత 2017లో ఎంత బలపడిందంటే, 2018 ఫిబ్రవరిలో ఆ కార్డునే బలహీనపరచవలసి వచ్చింది. కాబట్టి విడుదలైన వారంలో ఒక కార్డును పనికిరాదని తీసిపారేయకండి. దాని జత వచ్చే విడతలో పుట్టవచ్చు.

రెండోది, పరీక్ష. ఓడిన ప్రతి ఆట తర్వాత అయిదారు కార్డులు మార్చేవారికి ఏ మార్పు వల్ల ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు. ఒకటి రెండు మార్చండి, కొన్ని ఆటలు ఆడండి, కొత్త కార్డు చేతికి రాని ఆటల ఫలితాలను విడిగా రాసుకోండి. గిత్తను మొదటి రోజే పోటీ బండకు కట్టరు కదా.

మూడోది, ఆట మారితే లెక్క మారుతుంది. మార్వెల్ స్నాప్ అనే మరో కార్డుల ఆటలో డెక్ పన్నెండు కార్డులే, మామూలుగా ఆరు టర్నులు, తొమ్మిది కార్డులు చూస్తారు. ఒక్క ప్రతి ఉన్న కార్డు కూడా చివరి టర్నుకు 75 శాతం ఆటల్లో చేతికి వస్తుంది. అందువల్ల అక్కడ ఒకే కార్డును నమ్ముకోవడం హార్త్‌స్టోన్‌లో ఉన్నంత జూదం కాదు. పైగా కార్డు రాలేదని తెలిసిన వెంటనే తక్కువ నష్టంతో తప్పుకోవచ్చు.

చివరగా డస్ట్, అంటే హార్త్‌స్టోన్‌లో కార్డుల తయారీకి ఖర్చు పెట్టే పొడి, దాని మాట. ఒక లెజెండరీ తయారీకి 1600 అవుతుంది, వద్దనుకుని పగలగొడితే తిరిగి వచ్చేది 400 మాత్రమే. జత కార్డులు కూడా లేనివారు కొత్త లెజెండరీని మొదటి రోజే తయారు చేసుకోకండి, ముందు ఆ డెక్‌ను వేరేవారి ఆటల్లో కొన్ని రోజులు చూడండి. పనికొస్తుందనిపిస్తే జత కార్డులతో మొదలుపెట్టండి, లెజెండరీని ఆఖరున తయారు చేసుకోండి, ఎందుకంటే ఆ జత కార్డులు మరో డెక్‌లోనైనా ఉపయోగపడతాయి.