మెనూలో ఎవరి మాట వినిపిస్తోంది?

అందరికీ నమస్కారం.

ఏదైనా పెద్ద సంస్థ వెబ్‌సైట్ తెరిచి, పైన వరుసగా ఉన్న మెనూను ఒకసారి చదవండి. ఆ సంస్థలో ఏయే విభాగాలున్నాయో, వాటిలో ఎవరి మాట చెల్లుతుందో ఇట్టే తెలిసిపోతుంది. పలుకుబడి ఉన్న విభాగానికి మొదటి పేజీలో పెద్ద బొమ్మ. లేనిదానికి అట్టడుగున సన్నని అక్షరాల్లో ఒక లింకు. ఏ సంస్థ ఏ వ్యవస్థను రూపొందించినా, అది ఆ సంస్థలోని మనుషులు ఒకరితో ఒకరు వ్యవహరించుకునే తీరుకు నకలుగానే తయారవుతుందని కంప్యూటర్ రంగానికి చెందిన మెల్విన్ కాన్వే 1968లోనే రాశారు. అప్పటికి వెబ్ పుట్టనే లేదు. ఇప్పుడు చూస్తే, మన మెనూల గురించే రాశారేమో అనిపిస్తుంది.

ఒక ఆసుపత్రి యాప్‌ను ఊహించుకోండి. నిన్న రక్తపరీక్ష చేయించుకున్న మనిషి రిపోర్టు కోసం దాన్ని తెరిచాడు. ఎదురుగా ‘మా గురించి’, ‘క్లినికల్ సేవలు’, ‘డయాగ్నస్టిక్ విభాగం’, ‘రోగి సంబంధాలు’, ‘వనరులు’ అని ఉన్నాయి. రిపోర్టు డయాగ్నస్టిక్ విభాగంలో ఉంటుందా, రోగి సంబంధాల్లో ఉంటుందా? లోపల పనిచేసేవారికి ఈ సందేహమే రాదు, కనుక వారు రాసిన మెనూలో దీనికి జవాబూ ఉండదు. వచ్చిన మనిషికి కావలసింది ‘నా రిపోర్టులు’ అనే రెండు మాటలు. పరీక్ష ఎవరు చేశారు, బిల్లు ఏ గదిలో వేశారు అన్నది ఆయనకు అనవసరం.

మెనూపై విభాగాల పట్టు వదిలించుకోవడం సాధ్యమేనని బ్రిటన్ ప్రభుత్వం చూపించింది. అంతకుముందు నడిచిన డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ అనే రెండు సైట్ల స్థానంలో 2012లో గవ్.యూకే అనే ఒకే సైటు వచ్చింది. తర్వాత మంత్రిత్వ శాఖల సైట్లు కూడా అందులో కలిశాయి. డ్రైవింగ్, పన్నులు, జననాలు–మరణాలు–వివాహాలు వంటి అంశాలు ముందుంటాయి. ఆ పని ఏ శాఖదో తెలియకుండానే పౌరుడు దాన్ని ముగించుకోవచ్చు. ఇందులో సాంకేతిక విజయం కంటే శాఖలను ఒప్పించడమే గొప్ప అని నేననుకుంటాను.

ఇక మాటల దగ్గరికి వస్తాను, అసలు పని అక్కడే ఉంది. జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన పీటర్ పిరోలి, స్టూవర్ట్ కార్డ్ 1990లలో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. జంతువు వాసన పట్టుకుని ఆహారం వైపు వెళ్లినట్టే, మనిషి లింకులోని మాటల జాడ పట్టుకుని సమాచారం వైపు వెళ్తాడని దాని సారాంశం. జాడ బలంగా ఉన్నంతసేపు ముందుకు నడుస్తాడు. పలచబడితే వెనక్కి తిరుగుతాడు, లేదా సైటే వదిలేస్తాడు. ‘వనరులు’ అన్న మాటలో ఏ జాడా లేదు. ‘సేవలు’, ‘పరిష్కారాలు’, ‘మరిన్ని’ కూడా అంతే. ‘ఇక్కడ నొక్కండి’ అన్నది మరీ అన్యాయం. తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో లింకుల జాబితా ఒక్కటే వినే అంధ పాఠకుడికి ‘ఇక్కడ నొక్కండి’ అని పదిసార్లు వినిపిస్తుంది, ఎక్కడికో మాత్రం తెలియదు.

మూడు క్లిక్కుల్లో పని తేలకపోతే జనం వెళ్లిపోతారన్న సూత్రం సమావేశాల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. 2003లో వినియోగదారులతో పరీక్షించి చూస్తే, క్లిక్కుల సంఖ్యకూ వారి అసంతృప్తికీ సంబంధం కనిపించలేదు. ప్రతి అడుగూ సరైన దిక్కుకే పడుతోందన్న నమ్మకం ఉంటే అయిదో క్లిక్కు కూడా భారం కాదు. మెనూలో ఏడు అంశాలకు మించకూడదన్నది ఇలాంటిదే మరొకటి. దీనికి ఆధారంగా చూపే, మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసం తాత్కాలిక జ్ఞాపకశక్తి గురించి. మెనూ కళ్లెదుటే ఉంటుంది, దాన్ని ఎవరూ కంఠస్థం చేయనక్కరలేదు. అంకెను పట్టుకుని వేలాడేవారు ఆ వ్యాసం తెరిచి చూశారా అని నాకు అనుమానం.

సరే, మెనూను దేని ఆధారంగా విభజించాలి? సమాచారాన్ని స్థలం, అక్షరక్రమం, కాలం, వర్గం, హెచ్చుతగ్గుల క్రమం అనే అయిదు విధాలుగా అమర్చవచ్చని అమెరికన్ వాస్తుశిల్పి, రచయిత రిచర్డ్ సాల్ వర్మన్ అన్నారు. ప్రతిదానికీ హద్దు ఉంది. అకారాది క్రమం చూడటానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కానీ తన జబ్బు పేరే తెలియని రోగి ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టాలి?

ఈ చిక్కును గ్రంథాలయాలు మనకంటే ముందే ఎదుర్కొన్నాయి. 1876లో మెల్విల్ డ్యూయీ ప్రచురించిన పుస్తకాల వర్గీకరణ పద్ధతిలో పుస్తకం ఒక చెట్టుకొమ్మ మీద, ఒకే చోట కూర్చుంటుంది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో వెలువరించిన ద్విబిందు వర్గీకరణ (కోలన్ క్లాసిఫికేషన్) మరో దారి పట్టింది. ప్రతి విషయాన్నీ వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం అనే ముఖాలుగా విడదీసి, అవసరమైనవాటిని మళ్లీ కలిపి సంఖ్య నిర్మించారు. ఈనాడు కొనుగోలు యాప్‌లలో ధర, రంగు, కొలత, కంపెనీ అంటూ ఎడాపెడా నొక్కే ఫిల్టర్లు ఆ ఆలోచనకు దగ్గరి చుట్టాలు. సరుకు ఎక్కువగా ఉన్న చోట లోతైన చెట్టు కంటే ఈ పద్ధతే మేలు. పట్టుమని ఇరవై పేజీలు లేని సైటుకు మాత్రం ఫిల్టర్లు పెట్టకండి.

విభజన సరిపోయిందో లేదో మీ బృందంలో ఓటు వేసి తేల్చుకోవద్దు. పేజీల అంశాలను ఒక్కో కార్డు మీద రాసి, బయటివారికి ఇచ్చి, కుప్పలు వేసి పేర్లు పెట్టమనండి. దీన్ని కార్డ్ సార్టింగ్ అంటారు. పదిహేనుమందితో చేస్తే చాలని వెబ్‌సైట్ల వాడుక సౌలభ్యంపై పరిశోధించిన జేకబ్ నీల్సన్ సూచన. వారు పెట్టే పేర్లు మీ విభాగాధిపతికి నచ్చకపోవచ్చు, రాసి ఉంచుకోండి. అయితే కుప్పలు వేయడం వేరు, వెతకడం వేరు. అందుకే రెండో విడతలో రంగులు, బొమ్మలు తీసేసి, ఉత్త మెనూను మాటల్లో చూపించి ‘మీ రిపోర్టు ఎక్కడుంటుంది?’ అని అడగాలి. ఇది ట్రీ టెస్టింగ్. మొదటి క్లిక్కు ఎక్కడ పడిందో గమనించండి, తప్పంతా సాధారణంగా అక్కడే బయటపడుతుంది.

ఫోన్ల గురించి ఒక్క మాట. మెనూ తెరవడానికి నొక్కే మూడు గీతల గుర్తును 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీశారు. ఇప్పుడు ఎటూ తేల్చుకోలేనివన్నీ దాని వెనక దాచేస్తున్నాం. ఎక్కువగా వాడే నాలుగైదు పనులను తెర అడుగున కనిపించేలా ఉంచండి. సెర్చ్ పెట్టె ఉంది కదా అని మెనూను గాలికొదిలేయవద్దు, వెతకడానికి కూడా పేరు తెలియాలి. చాలామంది గూగుల్ నుంచి నేరుగా లోపలి పేజీలోకి దిగుతారు. తాము ఎక్కడున్నామో, ఆ పేజీ ఏ విభాగం కిందిదో ఆ పేజీయే చెప్పాలి.

ఇదంతా విని రేపే సైటు మొత్తం తిరగరాయాలని కూర్చుంటే, పేజీల పాత వెబ్ చిరునామాలను కొత్తవాటికి మళ్లించే జాబితా ముందుగా తయారుచేసుకోండి. మంచి చిరునామా మారదని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే చెప్పారు. అయినా ప్రతి పునర్నిర్మాణంలోనూ జనం దాచుకున్న లింకులు వందలకొద్దీ విరిగిపోతూనే ఉన్నాయి. ఆ జాబితా బాధ్యత ఎవరిదో మొదటి సమావేశంలోనే పేరు పెట్టి రాసుకోండి. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు.